గెడ్డవార నాలుగు సాళ్ళు

గట్టు రాళ్ళ సందులోంచి తీసిన సీసాని రాజకుమారి రెండు చేతులా పట్టుకుని చూస్తోంది. అరచేయంత సీసా. మూత లేదు. మీద అంటించిన చీటీ సగం నానిపోయింది గానీ పసుపురంగు త్రికోణం, దాని పక్కన ఎర్ర అక్షరాల్లో 'విషం' అన్న మాట బాగానే కనిపిస్తున్నాయి.

నిన్నటి పెళ్ళి సంగతి చెప్తే గానీ ఆ ఖాళీ సీసా బరువెంతో తెలీదు. కొండకి అవతలివైపు కొండవలసలో నిన్న ఆదివారం సోంబరు కూతురు ప్రసన్న పెళ్ళి. సోంబరు అంటే రాజకుమారి మొగుడు బుధుకి మేనమామ. తల్లీతండ్రీ లేని బుధుని పెంచి, పెళ్ళి చేసి, ఇంత వాణ్ణి చేసినవాడు. అందుకే పెళ్ళికి కావలసిన కూరగాయలన్నీ తమ మడిలోవే ఇస్తామని మొగుడూ పెళ్ళాలు మాటిచ్చారు. బీన్స్, బంగాళాదుంపలు, టమాటాలు గంపలకెత్తి పంపారు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పొద్దు కొండ మీదికి వాలేసరికి పంతొమ్మిది మంది కడుపు పట్టుకుని వాంతులు. వాళ్ళలో పెళ్ళికూతురు కూడా ఉంది. అందర్నీ జీపుల్లో డుంబ్రిగుడ ఆస్పత్రికి చేర్చారు. తెల్లారేసరికి ఒక మాట కొండ దాటి రాజకుమారి ఊరు పనసవలస వచ్చేసింది. "బీన్స్ కూరంట. బీన్స్ మీద మందు కొట్టేరంట."

ఆ మాట విని రాజకుమారి నవ్వింది. మూడేళ్ళుగా తన మడిలో పురుగుమందు చుక్క పడనివ్వని మనిషి. తను మానేసి ఊరుకోకుండా ఊళ్ళో మరో ఏడిళ్ళ వాళ్ళ చేత మాన్పించిన మనిషి. ఆ ఎనిమిది ఇళ్ళ గుంపు కూరగాయలు వారానికి రెండుసార్లు గోపి వ్యానులో విశాఖపట్నం వెళ్తాయి. ప్రతి సంచి మీదా 'మందు కొట్టని కూరగాయలు' అని ఒక స్టిక్కరు, దాని కింద రాజకుమారి పేరు. అలాంటిది ఆమె మడిలో మందా? నవ్వి ఊరుకోలేక, ఎందుకైనా మంచిదని సాళ్ళ వెంట నడుస్తూ వచ్చింది. గెడ్డవార, అంటే కొండవాగు ఒడ్డున, గట్టు దగ్గర కాలికి ఏదో తగిలింది. వంగి తీస్తే, ఇది.

"ఇదేటి?" అంది.

బుధు నాలుగు సాళ్ళ అవతల నీళ్ళు కడుతున్నాడు. కొండ మీంచి పైపులో దిగే నీళ్ళు వేసవిలో పొద్దున్నపూటే కాస్త జోరుగా వస్తాయి, ఎండెక్కితే సన్నగా తీగలా అయిపోతాయి. అందుకని చీకటుండగానే లేచి వచ్చాడు. పెళ్ళాం చేతిలోది చూడగానే పైపు వదిలేశాడు. అది సాళ్ళ మధ్య బోదెలో పడి ఒకే మొక్క మొదట్లోకి నీళ్ళు పోస్తోంది. అతను దాన్ని తీయలేదు.

"నిన్నే అడుగుతన్నాను. ఈ సీసా ఏటి? ఎవరిది?"

"నాదే."

"నీదేటి?"

"నానే తెచ్చినాను. నానే కొట్టినాను." బుధు తల ఎత్తలేదు. "గెడ్డవార నాలుగు సాళ్ళకే. మిగతా మడికి కాదు."

రాజకుమారి సీసా పట్టుకునే గట్టు మీద కూర్చుంది. ఎదురుగా నాలుగు సాళ్ళు. కర్రలకి అల్లుకున్న తీగలు, నిగనిగలాడే ఆకులు, జానెడేసి కాయలు. ఆమె చింతపల్లిలో శిక్షణకి వెళ్ళి మూడు రోజుల తర్వాత వచ్చేసరికి ఈ సాళ్ళని చూసి ఎంత మురిసిపోయిందో గుర్తొచ్చింది. వెళ్ళేటప్పుడు ఆకుల కింద పేనుబంక పురుగు నల్లగా పట్టి ఉంది. వచ్చేసరికి ఒక్కటి లేదు. తను కొట్టిన వేప కషాయమే పనిచేసిందనుకుంది. అక్కడ చింతపల్లిలో నలభై మంది ఆడవాళ్ళ ముందు నిలబడి, "మందు లేకపోతే పంట రాదనుకోకండి, మా మడికొచ్చి సూడండి" అని చెప్పి వచ్చింది మరి.

"ఎప్పుడు కొట్టినావు?"

"బుధవారం పొద్దున్న."

"శనివారం కోసినాం కాయలు."

"ఊఁ."

"నాను ఈ సాళ్ళలోనే కోసినాను. పెద్ద పెద్ద కాయలని ఏరి మరీ కోసినాను. నువ్వు పక్కనే ఉన్నావు. నోరు పడిపోయిందేటి నీకు?"

"పై సాళ్ళలో కొయ్యమని సెప్పినాను గదా!" బుధు గొంతు పెగిలింది. "నువ్వు ఇనలేదు. పెళ్ళికి మంచి కాయలే ఎల్లాలన్నావు. అప్పుడైనా సెప్దామనుకున్నాను. నోరు రాలేదు. సెప్తే నువ్వు నన్ను సూసే సూపు... అది తలుచుకుని సెప్పలేకపోనాను. అందుకే గెడ్డలో కడిగినాను. మూడుసార్లు కడిగినాను."

అవును, కడిగాడు. గంపలు గెడ్డలో ముంచి, ఒక్కో గుప్పెడు తీసి రుద్ది రుద్ది కడుగుతుంటే తను వేళాకోళం కూడా ఆడింది, పసిబిడ్డకి నీళ్ళు పోస్తన్నావేటి అని. అతను నవ్వలేదు. పెళ్ళి పనులతో అలిసిపోయి ఉంటాడనుకుంది.

"ఎందుకు కొట్టినావు?" ఈసారి ఆమె గొంతులో కోపం లేదు. అది వింటే బుధుకి ఇంకా భయమేసింది.

"నువ్వెళ్ళిన రోజు సాయంత్రానికి రెండు సాళ్ళు మొత్తం పట్టేసింది. కషాయం కొట్టినాను. మర్నాడు నాలుగు సాళ్ళూ పట్టేసింది. కొనలు ముడుసుకుపోనాయి. వారంలో పెళ్ళి. మాఁవకి మాటిచ్చినాను. పెంచినోడికి నానిచ్చిందేటి ఇన్నాళ్ళూ? ఒక్క కూర. అది కూడా ఇవ్వలేకపోతే ఎలగని..." ఆగిపోయాడు. "తప్పే. సేసినాను."

బోదె నిండి నీళ్ళు గట్టు మీదికి పొర్లుతున్నాయి. రాజకుమారి లేచి వెళ్ళి పైపు తీసి పక్క సాలులో పెట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

అప్పుడే పైనుంచి గంగ పరుగున దిగింది. గంగది పక్క మడి. రాజకుమారితో పాటు మొట్టమొదట మందు మానేసిన మనిషి, ఊళ్ళో ఆమెకి అందరికన్నా దగ్గరి స్నేహితురాలు.

"ఒలే, ఇన్నావా? ప్రసన్నని విశాఖపట్నం తీసుకెళ్ళిపోతారంట. అంబులెన్సుకి ఫోను సేసేరంట. మందేదో తెలీక డాక్టరు బాబు కంగారు పడతన్నాడంట." ఊపిరి తీసుకుంది. "అక్కడ టీ కొట్టు దగ్గర అందరూ నీ పేరే. నాను ఊరుకోలేదు, తిట్టి పోసేసినాను. మా రాజకుమారి సెయ్యైనా నరుక్కుంటాది గానీ మందు ముట్టుకోదని సెప్పినాను."

రాజకుమారి సీసాని చీర కొంగులో చుట్టేసింది. గంగ చూసిందో లేదో తెలీదు.

"నువ్వు ఎల్లవే గంగా. నానొస్తాను" అంది.

గంగ వెళ్ళాక బుధు దగ్గరికి వచ్చాడు. "అదిలా ఇచ్చీ. గెడ్డ ఎగువని లోతుగా పాతేస్తాను. నువ్వు సూడలేదు, నాను కొట్టలేదు. ఎవుడికీ తెలీదు."

"ప్రసన్నకి ఏటైనా అయితే?"

బుధు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"డాక్టరు బాబుకి మందేదో తెలిస్తే దానికి ఇరుగుడు ఇస్తాడు. తెలీకపోతే ఏటిస్తాడు? ఆ సీసా మీద పేరుంది. పద."

"పోలీసులకి పట్టిత్తావా నన్ను?"

"డాక్టరు దగ్గరికి తీసుకెల్తన్నాను. తరవాత ఏటైతే అది అవుతాది. ఇద్దరం పడదాం."

"నీకేటి సంబంధం? కొట్టింది నాను."

"కోసింది నాను" అంది రాజకుమారి. "బేగి రా. జీపు ఎల్లిపోతాది."

జీపులో పన్నెండు మంది ఉన్నారు. రోజూ అయితే రాజకుమారి ఎక్కగానే పలకరింపులే పలకరింపులు. ఇవాళ ఒకావిడ తన పక్కనున్న పనసకాయల బుట్ట జరిపి చోటిచ్చింది గానీ నోరు విప్పలేదు. బుధు వెనక మెట్టు మీద నిలబడి వేలాడుతూ వచ్చాడు. దారి పొడుగునా రాజకుమారి కొంగులో చేయి పెట్టి సీసాని పట్టుకునే ఉంది. మనసులో పదే పదే ఒకే మాట తిరుగుతోంది. అంబులెన్సు వెళ్ళిపోకూడదు. మేం చేరేలోగా వెళ్ళిపోకూడదు.

ఆస్పత్రి ముందర చెట్టు నీడలో కొండవలస జనం గుంపులుగా కూర్చుని ఉన్నారు. అంబులెన్సు వచ్చి ఉంది, కానీ తలుపులు తీసే ఉన్నాయి. రాజకుమారికి ఊపిరి అందింది. మెట్ల మీద సోంబరు కూర్చుని ఉన్నాడు. నిన్న పెళ్ళిలో కట్టుకున్న కొత్త పంచె మీద పసుపు మరకలింకా అలాగే ఉన్నాయి. మేనల్లుణ్ణి చూసి లేచాడు.

"ఒచ్చినావురా! సూడు మన ప్రసన్నకి ఎలగైపోయిందో. ఈ జనం ఏటేటో వాగతన్నారు. మా బుధుగాడి మడి గురించి నాకు తెలీదేటి అని..."

"మాఁవా" అంది రాజకుమారి. కొంగు విప్పి సీసా చూపించింది. "ఆ మాట నిజమే. బీన్స్ మీద మందు పడింది. డాక్టరు బాబుకి సూపించడానికి తెచ్చినాం. ముందు నన్ను లోపలికి ఎల్లనీ. తరవాత నువ్వేటన్నా పడతాం."

సోంబరు ఆ సీసాని చూసి, ఆమెని చూసి, "నువ్వా?" అన్నాడు.

"నాను." బుధు ముందుకొచ్చాడు. "దానికి తెలీదు. నాను కొట్టినాను మాఁవా. పంట పాడైపోతాదని, నీకిచ్చిన మాట పోతాదని కొట్టినాను."

ముసలాయన చెయ్యి పైకి లేచింది. కొడతాడనే అందరూ అనుకున్నారు. బుధు తల పక్కకి తిప్పుకోలేదు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఆగి, మెల్లగా దిగి, మెట్టు అంచు పట్టుకుంది. సోంబరు కూలబడిపోయాడు.

"నా సేతన్నం తిన్నోడివి" అన్నాడు. అంతే అన్నాడు.

కొడితే బాగుండునని బుధుకి అనిపించింది.

లోపల డాక్టర్ ఫణీంద్ర రాత్రంతా నిద్ర లేనట్టున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గడ్డం మాసి ఉంది. సీసా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చీటీ మీది అక్షరాలు చదివాడు. ఆ చదివే క్షణాలు రాజకుమారికి చాలా పొడుగ్గా అనిపించాయి.

"ఎప్పుడు కొట్టారు? ఎంత నీళ్ళలో ఎంత కలిపారు?"

బుధు చెప్పాడు. రోజు, వేళ, పంపులో ఎన్ని మూతలు పోసిందీ, కాయలు కోసిందెప్పుడూ, కడిగిందెలాగో, అన్నీ. ఒకసారి మొదలుపెట్టాక ఆపడం అతని వల్ల కాలేదు. ఐదు రోజులుగా లోపల కుక్కుకున్నదంతా బయటికొచ్చేసింది.

డాక్టరు గదిలోకి వెళ్ళాడు. ప్రసన్న మంచం మీద నీరసంగా పడుకుని ఉంది, చేతికి సెలైన్ ఎక్కుతోంది, అరచేతుల్లో గోరింటాకు ఎర్రగా పండి ఉంది. ఆమె కనురెప్పలు పైకెత్తి టార్చి వేసి చూశాడు. నోరు చూశాడు, చెయ్యి పట్టుకుని చెమట పట్టిందేమో చూశాడు. పక్క మంచం మీది ముసలమ్మనీ అలాగే చూశాడు. మరో ఇద్దర్ని చూసి బయటికొచ్చాడు.

"ఈ మందు ఒంట్లోకి పోతే కంటిపాప ఆవగింజంత అయిపోతుంది. నోట్లోంచి చొంగ కారుతుంది, ఒళ్ళంతా చెమటలు పోస్తాయి, కండరాలు అదురుతాయి. ఇక్కడ ఒక్కరికీ ఆ లక్షణాలు లేవు. వీళ్ళకి ఉన్నది వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి. రాత్రి నుంచీ నాకు ఇదే అనుమానం. కానీ మందు, మందు అని అందరూ అంటుంటే ఏ మందో తెలీలేదు. ఆలస్యంగా పైకి తేలేవీ కొన్ని ఉంటాయి. అందుకే ఎందుకొచ్చిన గొడవని అంబులెన్సు పిలిపించాను." ఆగి బుధు వైపు చూశాడు. "ఇంతకీ నువ్వు ఆ కూర తిన్నావా?"

బుధు గోడకేసి చూశాడు.

"తిన్నాడండి" అంది రాజకుమారి. ఆమెకి అప్పుడే గుర్తొచ్చింది. "మొదటి పంక్తిలో కూసున్నాడు. ఏదీ ఏసుకోలేదు, వట్టి బీన్స్ కూరే. రెండుసార్లు అడిగి ఏయించుకున్నాడు. నాను సిగ్గుతో సచ్చిపోనాను."

"ఎందుకలా?"

బుధు గోడ మీంచి చూపు తిప్పాడు. "ఏటైనా అయితే ముందు నాకే అవ్వాలని. నాకు తిరగబడితే మిగతా జనాన్ని లేపేద్దామనుకున్నాను, పంక్తిలోంచి. అందుకే అందరికన్నా ముందు తిన్నాను. ఏటీ కాలేదు. మంచిగానే ఉంది. అప్పుడు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను."

"పాయసం తాగావా?"

"కడుపు నిండా బీన్సేనండి. ఇంక పాయసం ఎక్కడ పడతాది?"

డాక్టరు నవ్వుని ఆపుకోవడానికి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "అనురాధా! ఆ పుస్తకం తీసుకురామ్మా."

నర్సు అనురాధ ఒక నోటుపుస్తకం పట్టుకొచ్చింది. ఎవరెవరు ఏమేం తిన్నారో రాత్రి నుంచీ మంచం మంచానికీ తిరిగి అడిగి రాసింది. సాయంత్రం దాకా డప్పులు కొట్టిన వాళ్ళని కూడా వదల్లేదు, పొద్దున్నే ఫోను చేసి అడిగింది.

"పంతొమ్మిది మందీ పాయసం తాగారు సార్. ఒక్కరూ తప్పలేదు. వీళ్ళలో ముగ్గురు పిల్లలు బీన్స్ ముట్టనే లేదు, అయినా వాంతులయ్యాయి. డప్పులవాళ్ళు తొమ్మిది మంది. ఆఖర్న తిన్నారు. అప్పటికి పాయసం అయిపోయింది, అన్నం బీన్స్ కూరే మిగిలింది. తొమ్మిది మందీ నిక్షేపంగా ఉన్నారు. కల్లు తాగిన మగాళ్ళు తీపి జోలికి పోలేదు. వాళ్ళూ బాగానే ఉన్నారు."

"పాయసం ఎప్పుడు కాచారు?"

ఆ ప్రశ్నకి జవాబు గుమ్మంలోంచి వచ్చింది. సోంబరు ఎప్పుడు లేచి వచ్చాడో, తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. "శనివారం రాత్రి బాబూ. వంటోడికి ఆదివారం ఇంకో పెళ్ళి ఉందంట. రాత్రే కాసేసి, పెద్ద గిన్నెలో పోసి మూత పెట్టేసి ఎల్లిపోనాడు. మర్నాడు మధ్యాహ్నం వడ్డించేం. కాస్త పులుపు తగిలిందని మా ఆవిడంది. ఎండకి ఎలగైనా అంతే గదా అన్నాను."

"ఈ మే నెల ఎండల్లో, పాలతో కాచిన సేమ్యా, అన్ని గంటలు మూతేసి ఉంచారు." డాక్టరు తల ఊపాడు. "అదీ సంగతి. పాయసం విరిగింది. బీన్స్ కాదు. అంబులెన్సుని పంపించెయ్యండి. రేపటికి అందరూ ఇంటికెళ్తారు."

రాజకుమారి ఉన్నచోటే చతికిలబడింది. ఏడుస్తున్నానని ఆమెకి తెలీలేదు. ఆస్పత్రి గచ్చు చల్లగా తగులుతుంటే, పొద్దున్న గట్టు మీద కూర్చున్నప్పటి నుంచీ బిగబట్టిన ఊపిరి అంతా ఒక్కసారిగా వదిలినట్టయింది. అనురాధ వచ్చి భుజం మీద చెయ్యి వేసి మంచినీళ్ళిచ్చింది. గ్లాసు మొత్తం గటగటా తాగేసింది. పొద్దుట్నుంచీ చుక్క నీళ్ళు గొంతు దిగలేదు మరి.

డాక్టరు బుధు వైపు తిరిగాడు. "నువ్వు మాత్రం బతికిపోయానని సంబరపడకు. ఆ మందు కొట్టాక మూడు రోజులకే కాయ కొయ్యకూడదు. వాళ్ళకి ఏమీ కాలేదంటే నువ్వు కడిగిన కడుగుడో, వండిన మంటో, వాళ్ళ అదృష్టమో. నీ తెలివి మాత్రం కాదు."

"కాదండి" అన్నాడు బుధు.

"కానీ సీసా పట్టుకుని వచ్చారు చూడూ, అది మంచి పని చేశారు. మీరు రాకపోతే ఆ పిల్లని ఈ పాటికి ఘాట్ రోడ్డులో ఊపుకుంటూ తీసుకెళ్తుండేవాళ్ళం."

ప్రసన్న మంచం మీంచి సన్నగా పిలిచింది. "అక్కా, ఆకలేత్తంది. కాస్త గంజి ఉంటాదేటి?"

ఆ మాటకి గదిలో ఉన్నవాళ్ళందరికీ ప్రాణం లేచొచ్చింది. సోంబరు భార్య గంజి కోసం పరుగెత్తింది. పక్క మంచం మీది ముసలమ్మ, తనకీ పొయ్యమని, ఉప్పు కాస్త ఎక్కువ వెయ్యమని వెనకనుంచి కేక వేసింది.

బయట సోంబరు టీ తెప్పించాడు. ఒక గ్లాసు తను తీసుకుని, ఒకటి రాజకుమారికి ఇచ్చాడు. బుధుకి ఇవ్వలేదు. బుధు కొంచెం దూరంలో మొండిగోడ మీద తల దించుకుని కూర్చున్నాడు. సోంబరు సగం తాగి, లేచి వెళ్ళి, మిగిలిన సగం మేనల్లుడి చేతిలో పెట్టాడు.

"రెండుసార్లు ఏయించుకున్నావా?" అన్నాడు.

"మూడుసార్లు మాఁవా. అది సూసింది రెండే."

సోంబరు పెదవులు వణికాయి. ఏడుపనుకున్నారు గానీ నవ్వు. రాత్రంతా ఏడ్చిన గొంతుతో ఆ ముసలాయన నవ్వుతుంటే చెట్టు కింద జనం కూడా నవ్వారు. పొద్దున్న జీపులో నోరు విప్పని పనసకాయలావిడ వచ్చి రాజకుమారి పక్కన కూర్చుని, "నాను అప్పుడే అనుకున్నానప్పా, నీ మడిలో అలాటిది జరగదని" అంది. జరిగిందనీ, అయినా దానివల్ల కాదనీ ఆమెకి ఎలా చెప్పాలో తెలీక రాజకుమారి ఊరుకుంది.

తిరుగు జీపు సగం ఖాళీగా వచ్చింది. మధ్యాహ్నం దాటింది. కొండల మీద మబ్బు దిగి గాలి చల్లబడింది. బుధు ఈసారి వెనక వేలాడకుండా పెళ్ళాం పక్కనే కూర్చున్నాడు.

"ఆ నాలుగు సాళ్ళూ పీకేత్తాను ఇవాళే" అన్నాడు.

"పీకొద్దు. కాయలు కోసి పాతేద్దాం. మొక్కని ఉంచుదాం. మళ్ళీ పూత వస్తాది." కాస్త ఆగి అడిగింది. "ఎక్కడ కొన్నావు దాన్ని?"

"కొనడానికి నానెక్కడికీ ఎల్లలేదు. యర్రయ్య ఆటోలో ఊళ్ళోకే తెచ్చినాడు."

యర్రయ్య మైదానం నుంచి వచ్చే వర్తకుడు. విత్తనాలు, తాళ్ళు, ప్లాస్టిక్ సామాను అమ్ముతూ సంతలన్నీ తిరుగుతాడు.

"నీ ఒక్కడి కోసం ఊళ్ళోకి తెచ్చినాడా?"

బుధు కిటికీ బయటికి చూశాడు. ఈ ఒక్కటీ మిగిలిపోయింది. పొద్దుట్నుంచీ ఇన్ని నిజాలు చెప్పిన నోటికి ఇంకొకటి పట్టి ఉంచే ఓపిక లేదు.

"పేనుబంక మన ఒక్క మడికే పట్టలేదు గదా. నువ్వు లేని మూడు రోజులూ ఊరంతా అదే గోల. మనం గాక ఇంకో నాలుగిళ్ళ వాళ్ళు తీసుకున్నారు. మన గుంపులోనే."

"మన గుంపులోనా?" రాజకుమారి అతని వైపు పూర్తిగా తిరిగింది. "ఎవరెవరు?"

అతను పేర్లు చెప్పాడు. నాలుగో పేరు చెప్పేసరికి జీపు పనసవలస మలుపులో ఆగింది.

ఆస్పత్రి కబురు వాళ్ళకన్నా ముందే చేరిపోయింది. రోడ్డు మీద గుంపులోని ఆడవాళ్ళందరూ ఎదురుచూస్తున్నారు. రాజకుమారి దిగీ దిగగానే గంగ వచ్చి వాటేసుకుంది.

"పాయసమంట గదే! నాను సెప్పలేదేటి? ఆ టీ కొట్టోళ్ళ మొహాలు సూడాలి నువ్వు!" గంగ కళ్ళలో నీళ్ళు. "ఇంకో మంచి మాట సెప్పనా? గోపి ఇవాళే ఒచ్చేసినాడు. విశాఖపట్నం కొట్టు వాళ్ళకి సరుకు బేగి కావాలంట. నువ్వు లేవని ఆపలేదు. నీ మడిలోవి కూడా కోసి ఎనిమిది ఇళ్ళ బీన్సూ మేమే ఎక్కించేసినాం. స్టిక్కర్లు నా సేత్తో అంటించినాను, ఒక్కటి వంకర లేదు."

"ఎప్పుడెల్లింది వ్యాను?"

"గంటయింది. ఈ పాటికి అనంతగిరి దాటుతుంటాది. ఏటలా సూత్తన్నావు?"

రాజకుమారి ఫోను తీసింది. రోడ్డు మీద సిగ్నలు రెండు గీతలుంది. రెండో రింగుకే గోపి ఎత్తాడు. వెనక ఇంజను హోరు, ఘాట్ రోడ్డు హారన్లు.

"అక్కా, పెళ్ళికూతురికి బాగుందంట గదా! ఇన్నాను, మంచి మాట."

"గోపీ, బండి ఆపు."

"ఇక్కడా? మలుపులో ఉన్నానక్కా."

"మలుపు దాటి ఆపు. సరుకు దించొద్దు, ముందుకెళ్ళొద్దు."

ఆడవాళ్ళ నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోవడం లేదు. ఫోనులో ఇంజను చప్పుడు తగ్గింది, ఆగింది.

"ఆపాను. సెప్పక్కా, ఏటయింది?"

రాజకుమారి ఫోనుని చెవి దగ్గర్నించి దించి, అరచేత్తో మూసింది. తన భుజం మీద ఇంకా చెయ్యి వేసి నిలబడ్డ స్నేహితురాలి కళ్ళలోకి చూసింది.

"గంగా, నువ్వు సెప్తావా? నన్ను సెప్పమంటావా?"